సురేంద్ర నడక

నరసాపురం
జూలై 6

పావనీ,

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానేమిటని కంగారుపడకు. ఫోనులో నీ గొంతు వినగానే నాకు ఏడుపు వస్తుంది, నా గొంతు వినగానే నీకు. ఇద్దరం కాసేపు ముక్కులు తుడుచుకుని పెట్టేస్తాం. చెప్పాలనుకున్నది అలాగే ఉండిపోతుంది. మీ అన్నయ్య అప్పాజీ చేపల వ్యాను సరుకు ఎత్తుకోవడానికి ఎలాగూ ఇక్కడికి వస్తోంది కదా, డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఐసు నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టాను.

వేసవి సెలవుల్లో నువ్వూ తేజస్వీ వచ్చినప్పుడు ఒకటి జరిగింది. నీకు చెప్పలేదు. నువ్వు వంటింట్లో ఉన్నావు. నా దగ్గరే ఉన్న మా తమ్ముడు సురేంద్ర ఫోను తీసి పిల్లకి పాత వీడియోలు పెట్టాను. రేవులో పంటు ఎక్కి గోదావరి దాటిన రోజుది వచ్చింది. అందులో తేజస్వి ఉంది, నువ్వున్నావు. "ఇటు చూడమ్మా, నాన్న వైపు చూడు" అని తమ్ముడి గొంతు. పిల్ల ఫోను తిప్పి వెనక వైపు చూసింది. మళ్లీ ముందు వైపు చూసింది. మళ్లీ తిప్పింది. "నాన్న ఇటేపున్నాడా అత్తా?" అంది.

ఆ రాత్రి నుంచి వాడి ఫోనంతా వెతికాను పావనీ. ఒక్క వీడియోలో కూడా వాడు లేడు. తీసేది ఎప్పుడూ వాడే. మీ పెళ్లి వీడియోలో ఉన్నాడు గానీ, అది పంచె ఊడిపోతుందేమోనన్న భయంతో నడిచిన నడక. వాడి నడక కాదు. ఫోటోలున్నాయి. ఫోటోలో మనిషి నిలబడే ఉంటాడు.

అందుకని నేను వాణ్ణి గీద్దామనుకుంటున్నాను. ఒక బొమ్మ కాదు, కదిలే బొమ్మ. ఒకదాని తర్వాత ఒకటి కాగితాల మీద గీసి, ఫోటోలు తీసి, గబగబా తిప్పితే నడుస్తాడు. ఫోనులో పాఠాలున్నాయి, చూస్తున్నాను. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే ఉదయభాస్కర్‌ని అడిగితే, కాగితాలు గీసి తెస్తే ఫోటోలు తీసి కలిపి పెడతానన్నాడు. "అర నిమిషానికి వందల కాగితాలు కావాలండి, దానికంటే మీరు లేసుతో పందిరి అల్లడం తేలిక" అని నవ్వాడు కూడా. నవ్వనీ. చిన్నప్పటి నుంచి లేసు డిజైన్లు గీసిన చెయ్యి నాది.

వాడు రేవు నుంచి ఐసు పెట్టె భుజాన పెట్టుకుని మన వీధిలోకి మలుపు తిరగాలి, ఇంటిదాకా రావాలి, తేజస్విని చూసి నవ్వాలి. అంతే. నవంబరులో సంవత్సరీకం నాటికి పూర్తి చేసి పిల్లకి చూపిస్తాను. వాడి నడక నీకు గుర్తున్నది గుర్తున్నట్టు రాయి. నాకు గుర్తున్నంతవరకూ ఛాతీ విరుచుకుని, దారంతా తనదే అన్నట్టు నడిచేవాడు.

వీరదుర్గ


జంగారెడ్డిగూడెం
జూలై 15

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఒక అంచు తడిసింది. "మీ వదిన రొయ్యలతో పాటు ఉత్తరాన్ని కూడా ఐసులో పెట్టిందేంటే" అని అన్నయ్య నవ్వాడు. లోపల ఏముందో చెప్పలేదు.

తేజస్వి ఒకటో తరగతిలో కుదురుకుంది. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళుతున్నాను. పొద్దున్నే బస్సు తప్పితే ఇబ్బందే గానీ, ఎవరో ఒకరు బండి మీద దింపుతున్నారు.

మీరు అడిగింది రెండు రోజులు ఆలోచించాను. కోపం తెచ్చుకోకండి. మీరు రాసినట్టు ఆయన ఛాతీ విరుచుకుని నడిచేవారు కాదు. ఎడమ భుజం కొంచెం కిందికి ఉండేది. ఐసు పెట్టెలు మోసి మోసి అలా అయిందని అనేవారు. చెప్పులు ఈడ్చేవారు. "అరిగిపోతున్నాయండీ" అంటే, "అవి అరగడానికే కొన్నాను" అనేవారు.

నాకు తెలిసింది ఇంతే. పూర్తయ్యే దాకా తేజస్వికి మాత్రం చెప్పకండి.

పావని


నరసాపురం
ఆగస్టు 19

పావనీ,

నీ ఉత్తరం వచ్చిన రోజే మొదలుపెట్టాను. గీసినవి కొన్ని పంపుతున్నాను. చూసి వ్యానులోనే తిప్పి పంపు, ఒక్కటి కూడా పోకూడదు. ఒక్కో కాగితం మూలన అంకె వేశాను, వరస తప్పకుండా చూసుకో.

టీపాయ్ అద్దం కింద టేబుల్ లైటు పెట్టాను. గీసిన కాగితం మీద కొత్త కాగితం పెడితే కింది గీత కనిపిస్తుంది. దాన్ని చూసి వెంట్రుకవాసి జరిపి గీస్తాను. దాని మీద ఇంకోటి. మొట్టమొదటి బొమ్మ ఫోటో చూసి గీశాను. కళ్లు, ముక్కు, చెవి పక్కన మచ్చ, అన్నీ కుదిరాయి. మా ఆయన కాగితాన్ని లైటు దగ్గరికి జరుపుకుని చూశారు. తర్వాత "వీడికి అన్నం పెట్టేలా ఉన్నావే" అన్నారు.

పాఠం చెప్పే అబ్బాయి, ముందు అడుగు మోపిన బొమ్మలూ అడుగు ఎత్తిన బొమ్మలూ దూరం దూరంగా గీసి పెట్టుకోవాలి, మధ్యవి తర్వాత నింపాలి అంటాడు. అది తొందరపడేవాళ్లకిలే అనుకున్నాను. లేసులో అలా ఉండదు. వరస మీద వరస. కింది వరస సరిగ్గా ఉంటే పైది దానంతటదే వస్తుంది. నేను అలాగే వెళుతున్నాను.

పాదం ఎలా లేస్తుందో తెలియకపోతే చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని వరండాలో నేనే నడిచి చూసుకుంటున్నాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఏంటండీ, షుగరు వచ్చిందా?" అంది. అవునన్నాను.

నువ్వు చెప్పిన ఎడమ భుజం పెట్టాను. కానీ చెప్పులు ఈడ్చడం నాకు గుర్తు లేదు. చిన్నప్పుడు వాడికి చెప్పులుండేవి కాదు. ఏ కాలు ఎక్కువ ఈడ్చేవాడు? చేతులు ఊపేవాడా? బరువు లేనప్పుడు ఎలా నడిచేవాడు? వెంటనే రాయి. నువ్వు ఈసారి ఏమీ రాయకపోతే నా ఇష్టమొచ్చినట్టు గీసేస్తాను.

వీరదుర్గ


జంగారెడ్డిగూడెం
సెప్టెంబరు 9

వదినగారికి,

మీ కాగితాలు చూశాను. ఒకటో నంబరు కాగితం చూసి లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి మిగతావి చూశాను. అన్నీ వరసలోనే పెట్టి తిప్పి పంపుతున్నాను.

మీరు అడిగినవాటికి జవాబు రాద్దామని రోజూ కూర్చుంటున్నాను. రాయలేకపోతున్నాను. ఎందుకో నిన్న తెలిసింది. తేజస్విని తీసుకుని బజారుకి వెళుతున్నాను, వెనక చెప్పుల చప్పుడు వినపడింది. ఆయనే అనుకుని ఆగిపోయాను. ఎవరో ముసలాయన మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయాడు.

ఆయన ఎప్పుడూ మా వెనకే నడిచేవారు వదినా. నేనూ పిల్లా ముందు, ఫోను పట్టుకుని ఆయన వెనక. "తల తిప్పకండి, మామూలుగా నడవండి" అనేవారు. ఏడేళ్లు ఆయనతో ఉన్నాను. ఆయన నడక నేను విన్నానే గానీ చూసింది తక్కువ. ఎదురుగా వస్తుండగా చూసిన రోజులుంటాయి, కానీ చూడాలని చూడలేదు. భుజం సంగతి కూడా చొక్కాలు ఇస్త్రీ చేసేటప్పుడు తెలిసిందే.

మీకు గుర్తున్నది చెప్పులు లేని కుర్రాడు. నాకు గుర్తున్నది చెప్పుల చప్పుడు. మనిద్దరం కలిపి ఎవరిని గీస్తున్నామో నాకు తెలియడం లేదు.

సంవత్సరీకానికి వస్తాం. మిగతా సంగతులు తర్వాత రాస్తాను.

పావని


నరసాపురం
అక్టోబరు 12

పావనీ,

మిగతా సంగతులంటే ఏంటో నువ్వు రాయలేదు. నేనూ అడగను. నా సంగతి చెబుతాను, విను.

పూర్తయింది. కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని ఉదయభాస్కర్ షాపుకి వెళ్లాను. రెండు రోజులు పట్టింది ఫోటోలు తీసి కలపడానికి. నిన్న పిలిచాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి కంప్యూటర్లో పెట్టాడు.

నడిచాడు పావనీ. వీధి మలుపు తిరిగాడు. ఐసు పెట్టె భుజాన ఉంది. నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను. నాలుగు అడుగులు వేశాడో లేదో, ముఖం ఎక్కడో గుండ్రమయింది. భుజాలు వాలాయి. నడుం దగ్గర ఒళ్లు వచ్చింది. ఇంటి ముందుకి వచ్చి నవ్వేసరికి అందులో మా తమ్ముడు లేడు.

ఉదయభాస్కర్ బొమ్మని ఆపాడు. తర్వాత, "మీ తమ్ముడుగారు మొదట్లో బాగానే బయల్దేరారండి, దారిలో ఎక్కడో దిగిపోయారు" అన్నాడు.

"మరి ఇంటికొచ్చిందెవరు?" అన్నాను.

"మీరేనండి" అన్నాడు.

మళ్లీ చూశాను. నేనే. పెట్టె మోస్తున్నది నేను, నవ్వుతున్నది నేను. ప్రతి బొమ్మా దాని కిందిదాన్ని చూసి గీశాను తప్ప, ఒక్కసారి కూడా మొదటి బొమ్మ దగ్గరికి వెళ్లి చూడలేదు. ఏ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినా తేడా కనిపించదు. లేసులో కింది వరస చాలు. మనిషికి చాలదని నాకేం తెలుసు? పైగా వరండాలో నడిచి చూసుకున్నది నా నడకేనాయె.

ఏ కాగితం దగ్గర పోయాడో చూద్దామని ఇంటికొచ్చి కట్టంతా పరిచాను. కనుక్కోలేకపోయాను. ఒకచోట ఉన్నాడు. కొంచెం ముందుకెళితే లేడు. మధ్యలో ఏ ఒక్క కాగితాన్నీ పట్టుకుని ఇదీ అనలేను.

మళ్లీ మొదలుపెడతాను. ఈసారి పాఠంలో చెప్పినట్టే. నీ దగ్గర వాడి పక్కవాటు ఫోటో ఏదైనా ఉంటే పంపు. నెల పైన ఉంది కదా, రాత్రీ పగలూ కూర్చుంటే అవుతుంది.

వీరదుర్గ


జంగారెడ్డిగూడెం
అక్టోబరు 21

వదినగారికి,

ఫోటో పంపడం లేదు. ఎందుకో ముందు చదవండి, తర్వాత తిట్టండి.

అన్నయ్య ఒక సంబంధం చూశాడు. చూశాడనడం కూడా సరికాదు, మనిషి నాకు తెలుసు. మా ఫ్యాక్టరీలో తూకం దగ్గర ఉంటారు, వెంకటరాజు గారు. బస్సు తప్పితే బండి మీద దింపుతున్నారని రాశానే, వారే. భార్య కాన్పులో పోయింది. పిల్లలు లేరు. జూన్ నుంచి అడిగిస్తున్నారు. సంవత్సరీకం అయ్యే దాకా ఏ మాటా చెప్పనన్నాను. మీకు మాత్రం ముందే చెప్పాల్సింది. మీరు కాగితాలు పంపినప్పుడల్లా చెబుదామనుకున్నాను. ఒకటో నంబరు కాగితం చూశాక నోరు రాలేదు.

మొన్న సంతకి తేజస్వి ఆయన వేలు పట్టుకుని వెళ్లింది. నేను వెనక నడిచాను. ఇంటికొచ్చేసరికి మీ ఉత్తరం. "దారిలో ఎక్కడో దిగిపోయారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేనే దింపేశాననిపించింది.

పిల్ల ఇప్పుడిప్పుడే అడగడం మానేసింది వదినా. రాత్రిళ్లు నిద్రపోతోంది. ఇప్పుడు మీరు ఆయన్ని నడిపించి తీసుకొస్తే, వచ్చినాయన బొమ్మ అయిపోగానే మళ్లీ వెళ్లిపోతారు కదా. అప్పుడు దానికి నేనేం చెప్పాలి? నన్నడిగి మొదలుపెట్టలేదు మీరు. నేనూ వద్దనలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆపెయ్యండి.

పావని


నరసాపురం
అక్టోబరు 25

పావనీ,

పిల్ల అడగడం మానేసిందని రాశావు. సంతోషం. మా తమ్ముడు ఇంత తొందరగా అయిపోతాడనుకోలేదు.

సంవత్సరీకం నవంబరు ఇరవైమూడున. వచ్చేదీ లేనిదీ అప్పాజీ చేత కబురు చేయించు. ఎంతమందికి వండాలో చూసుకోవాలి.

వీరదుర్గ


నరసాపురం
నవంబరు 27

పావనీ,

నువ్వొచ్చావు. ఆ ఉత్తరం చదివి కూడా వచ్చావు. వచ్చిన దగ్గర్నుంచి చీర కొంగు దోపుకుని పని చేశావు. నేను నీతో పప్పులో ఉప్పు సంగతి తప్ప ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు నీ కళ్లలోకి చూడలేదు. బస్సు కదిలాక వీధి చివరిదాకా వచ్చాను, నీకు తెలియదు.

ఆ రాత్రి మా ఆయనతో నీ గురించి అనకూడనివి అన్నాను. ఆయన అంతా విని, "బొమ్మ గియ్యడం చేతకాలేదని దాని మీద పడతావేంటి?" అన్నారు. పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయాను. అది నిజమని తెలియడానికి రెండు రోజులు పట్టింది.

నువ్వు ఆపమన్నాక కూడా ఆపలేదు, అది నీకు తెలియాలి. రెండోసారి గీశాను. ముందు అడుగులన్నీ దూరం దూరంగా గీసి, ప్రతిసారీ మొదటి బొమ్మ పక్కన పెట్టుకుని సరిచూసి, మధ్యవి నింపాను. నిన్న ఉదయభాస్కర్ కలిపి చూపించాడు. ఒక్క తప్పు లేదు. ముక్కు ముక్కులా ఉంది, భుజం భుజంలా ఉంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి. కానీ ఎవరో మనిషి. రోడ్డు మీద మనల్ని దాటుకుని పోయేవాడిలా ఉన్నాడు. "బాగుందండి" అన్నాడు ఉదయభాస్కర్. బాగుందంటే బాగులేదని నాకు తెలిసింది.

మొదటిసారి తప్పులో నేనున్నాను. రెండోసారి ఒప్పులో ఎవరూ లేరు. సురేంద్ర రెండిట్లోనూ రాలేదు. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే, కూర్చుని వరస తప్పకుండా చెయ్యడం. దానికి అందని పని ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

రెండూ నీ ఫోనుకి పంపమన్నాను. మొదటిదాన్ని అతను ఆగకుండా తిరిగేటట్టు చేశాడు, ఆపే మీట లేదు. చూపించడం, తీసెయ్యడం నీ ఇష్టం. తీసేస్తే నాకు చెప్పక్కర్లేదు.

వెంకటరాజు గారి గురించి ఒక్కటే అడుగుతాను. పిల్ల వేలు పట్టుకున్నప్పుడు ఆయన దాని నడకకి తగ్గట్టు నడుస్తాడా?

వీరదుర్గ


జంగారెడ్డిగూడెం
డిసెంబరు 10

వదినగారికి,

నడుస్తారు. తేజస్వి ఆగితే ఆగుతారు.

మీరు పంపినవి వారం రోజులు చూడలేదు. తీసేద్దామని రెండుసార్లు వేలు పెట్టి ఊరుకున్నాను. ఆదివారం వెంకటరాజు గారు వచ్చి అన్నయ్యతో మాట్లాడుతున్నారు. నేను టీ పెడుతున్నాను. తేజస్వి నా ఫోను తీసి తనే పెట్టేసుకుంది.

ముందు రెండోది పెట్టింది. "ఎవరమ్మా ఈ మావయ్య?" అంది. టీ గిన్నె పొయ్యి మీంచి దించాను. నేను ఏదో ఒకటి చెప్పేలోపు మొదటిది పెట్టింది.

"నాన్న!" అంది.

నేను పరుగెత్తుకెళ్లి ఫోను లాక్కుందామనుకున్నాను. ఇంతలోకే "అదేంటి, అత్త!" అని పకపకా నవ్వింది. బొమ్మ చివరికొచ్చి మళ్లీ మొదటికి వెళ్లింది. "మళ్లీ నాన్న! ఇదిగో నాన్న... నాన్న... నాన్న... అయ్యో, అత్త!" ఎన్నిసార్లు తిరిగిందో, అన్నిసార్లూ అలాగే. ఏడవలేదు. ఫోను తిప్పి వెనక చూడలేదు.

తర్వాత ఒక ఆట కనిపెట్టింది. నాన్న అత్త అయిపోయేలోపు నాన్న ముఖం మీద వేలు పెట్టాలట. పెడుతుంది. వేలు కింద నుంచి నడుచుకుంటూ పక్కకి వెళ్లిపోతారు. "అబ్బా, పోయాడు!" అంటుంది.

వెంకటరాజు గారు వచ్చి పక్కన నేల మీద కూర్చున్నారు. "ఏదమ్మా, మీ నాన్నగారు ఎక్కడ? నాకూ చూపించు" అన్నారు. "ఇప్పుడొస్తాడు చూడండి. ఇదిగో! వేలు పెట్టండి, వేలు పెట్టండి!" అంది. ఆయన పెట్టారు. అందలేదు. "మీది లావు వేలు, అందుకే" అని తిట్టింది. ఇంకోసారి పెట్టారు. చాలాసేపు ఇద్దరూ అలా వేళ్లు పెడుతూనే ఉన్నారు. చివరికి ఆయన నా వైపు చూసి, "నా వల్ల కావట్లేదండి, మీరోసారి పట్టుకుంటారా?" అన్నారు.

నేను కూడా పెట్టాను వదినా. నాకూ అందలేదు.

మాఘంలో ద్వారకా తిరుమలలో పెళ్లి చేద్దామంటున్నారు. ఎవరినీ పెద్దగా పిలవడం లేదు. మిమ్మల్ని రమ్మని అడిగే ముఖం నాకు లేదు. తేజస్వి మాత్రం, బొమ్మ అయిపోయినప్పుడల్లా మీరు ఇంటికొచ్చేశారనే అనుకుంటోంది. అసలు మనిషి ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

పావని


నరసాపురం
డిసెంబరు 15

పావనీ,

మాఘంలో వస్తాం, మా ఆయనా నేనూ. పిలిచే ముఖం లేదని ఇంకెప్పుడూ రాయకు. పిల్లకి ఆ రోజు కట్టడానికి లంగా నేను తెస్తాను, నువ్వు కొనకు.

నీ ఉత్తరం పట్టుకుని ఉదయభాస్కర్ దగ్గరికి వెళ్లాను. ఆ మొదటి నాలుగడుగుల దగ్గరే ఆపి తిప్పడం కుదురుతుందా అని అడిగాను. చేసి చూపించాడు. అలా చేస్తే నడిచినట్టు లేదు, గుమ్మం దగ్గర ఎవరో తోసేస్తుంటే ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టుంది. వద్దన్నాను.

అందుకని ఒకటో నంబరు కాగితమే పంపుతున్నాను. రెండు అట్టల మధ్య పెట్టి టేపు వేశాను. దాన్ని వ్యానులో ఐసు పక్కన పెట్టకుండా తన సీటు మీద పెట్టుకోమని డ్రైవరుతో మరీమరీ చెప్పాను. తేజస్వి ఎంతసేపు వేలు పెట్టినా ఆ కాగితంలో వాడు ఎటూ వెళ్లిపోడు.

నడవడు కూడా. అంతకంటే నాకు చేతకాలేదు.

వీరదుర్గ